లాలాజలం వేగంగా ఊరితే అందులోని లవణాలు ఎందుకు మారతాయి?

అనంతపురంలో పొద్దున్నే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ కనబడగానే నోట్లో ఊరే నీళ్లు, ఊరికే కూర్చున్నప్పుడు నోట్లో ఉండే లాలాజలం ఒకేలా ఉండవు.

లాలాజలం రెండు దశల్లో తయారవుతుంది. గ్రంథిలోని కణాలు మొదట వదిలే ద్రవంలో సోడియం, క్లోరైడ్ దాదాపు రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మాలో ఉన్నంతే ఉంటాయి. అది సన్నని నాళాల గుండా నోటికి వచ్చేలోపు నాళాల గోడలు ఆ రెండింటినీ వెనక్కి లాగేసుకుని, కాస్త పొటాషియం, ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ కలుపుతాయి. నీటిని మాత్రం ఆ గోడలు పెద్దగా దాటనివ్వవు. అందుకే చివరికి వచ్చే లాలాజలం ప్లాస్మా కంటే పలచన.

ఇక్కడ అసలు సంగతి టైమే. ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 0.3 మిల్లీలీటర్లే ఊరుతుంది కాబట్టి నాళాలు తీరిగ్గా పని చేసుకుంటాయి: సోడియం బాగా తక్కువ, పొటాషియం ఎక్కువ. బజ్జీ కొరికితే ప్రవాహం ఎన్నో రెట్లు పెరుగుతుంది, లాగేసుకునే వ్యవధి ఉండదు. సోడియం, క్లోరైడ్ పెరుగుతాయి, పొటాషియం కొంత తగ్గుతుంది. అయినా మొత్తం లవణాల గాఢత ప్లాస్మా అంత రాదు.

విద్యార్థులు తికమకపడేది బైకార్బనేట్ దగ్గరే. టైమ్ లెక్క ప్రకారం అదీ తగ్గాలి, కానీ పెరుగుతుంది! ఎందుకంటే లాలాజలం ఊరించే నాడీ సంకేతమే బైకార్బనేట్ విడుదలనూ పెంచుతుంది. దాంతో లాలాజలం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 8 దాకా వెళ్లి, నోట్లోని ఆమ్లాన్ని విరిచేస్తుంది. నిద్రలో ప్రవాహం బాగా పడిపోతుంది కనుక ఈ రక్షణా తగ్గుతుంది. రాత్రి తీపి తిని బ్రష్ చేయకుండా పడుకుంటే పళ్లు పుచ్చడానికి ఇదొక కారణం.