పంపు మోత వినడం నేర్చుకో, తల్లీ

తల్లీ,

కారు వెనక లాక్కెళ్లే ఇల్లులాంటి ట్రైలర్ కొన్నావనీ, వచ్చే వారం పిల్లల్ని తీసుకుని మొదటి ట్రిప్పుకి బయల్దేరుతున్నారనీ విని చాలా సంతోషం వేసింది. టైర్ల సంగతి, బ్రేకుల సంగతి, వెనక తగిలించి లాగడం సంగతి నీకు చాలామంది చెప్తారు. నీళ్ల సంగతికి వచ్చేసరికి మాత్రం "పంపు స్విచ్ ఇదిగో" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇన్నేళ్లలో నా ట్రైలర్‌లో నేల పాడైనా, నా నిద్ర పాడైనా ఎక్కువసార్లు నీళ్ల వల్లే. అందుకే ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

ట్రైలర్‌లోకి నీళ్లు రావడానికి రెండు దారులుంటాయి. ఒకటి బయటి కుళాయి. దానికి హోస్ పైపు తగిలిస్తే ఆ ప్రెజర్‌తోనే లోపల అన్ని కుళాయిల్లోకీ నీళ్లు వచ్చేస్తాయి, పంపుతో పనే ఉండదు. రెండోది మనం నింపుకుని వెంట తీసుకెళ్లే ట్యాంకు. దాంట్లో నీళ్లు పంపు తోస్తేనే కుళాయి దాకా వస్తాయి. ఆ పంపు 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న వస్తువు, దాదాపు రెండు గుప్పిళ్లంత ఉంటుంది. ఈ రెండు దారులూ లోపల ఒకే పైపుల్లో కలుస్తాయి. బయటి నీళ్లు పంపు గుండా వెనక్కి ట్యాంకులోకి పోకుండా పంపులోనే ఒక చిన్న వాల్వు అడ్డం ఉంటుంది. దీని సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకో.

ఇంటి మోటారు మనం వేస్తే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. ఈ పంపు అలా కాదు. స్విచ్ వేసి ఉంచితే ఎప్పుడు తిరగాలో అదే చూసుకుంటుంది. దాంట్లో ప్రెజర్ స్విచ్ ఒకటి ఉంటుంది. నువ్వు కుళాయి తిప్పగానే పైపుల్లో ప్రెజర్ పడిపోతుంది, పంపు మొదలవుతుంది. కుళాయి కట్టేయగానే ప్రెజర్ పెరిగి, సాధారణంగా 45 నుంచి 55 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) మధ్యలో పంపు ఆగిపోతుంది. అందుకే కుళాయి కట్టాక ఒకటి రెండు క్షణాలు డుర్రుమని ఆగడం దాని మామూలు పద్ధతి. ఈ మోతకి నీ చెవి ముందు అలవాటు పడాలి. ఇది తెలిస్తే తేడా వచ్చినప్పుడు నీకే తెలుస్తుంది.

అన్నిటికంటే నువ్వు పట్టించుకోవాల్సిన తేడా ఒకటుంది. ఎవరూ కుళాయి ముట్టుకోలేదు, అయినా పంపు ఉండుండి ఒక్క క్షణం డుర్రుమని ఊరుకుంటుంది. మళ్లీ కాసేపటికి అదే మోత. అంటే ఎక్కడో ప్రెజర్ జారిపోతోందని అర్థం. నేను మొదట్లో ఇది మామూలే అనుకుని రెండు రాత్రులు వదిలేశాను. పది నిమిషాలకోసారి, పడుకున్న మనిషి ఉలిక్కిపడేలా మోగేది. మూడో రోజు సింకు కింద అలమర తలుపు తీద్దునా, అడుగున ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడుతోంది. చెయ్యి పెట్టి తడిమితే పైపులన్నీ పొడిగానే ఉన్నాయి. టార్చి వేసి చూసినా చుక్క కనబడలేదు. చివరికి టిష్యూ పేపరు ముక్కలు చింపి, ఒక్కో జాయింటుకీ ఒక్కో ముక్క చుట్టి, పంపు వేసి పావుగంట కూర్చున్నాను. వేడినీళ్ల పైపు కుళాయికి కలిసే చోట చుట్టిన ముక్క మీద గోరంత మచ్చ పడింది, చూస్తుండగానే ముక్కంతా తడిసింది. ప్రయాణంలో కుదుపులకి ఆ ప్లాస్టిక్ నట్టు సడలింది. చేత్తో అర చుట్టు బిగిస్తే లీకు ఆగిపోయింది. అర చుట్టు పనికి నేను అలమర అడుగు మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది, తల్లీ.

ఆ నట్లని చేత్తోనే బిగించు. స్పానర్ పెట్టి బలం చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది, లోపలి రబ్బరు వాషర్ నలిగిపోతుంది. చేత్తో బిగించాక కూడా కారుతుంటే వాషర్ మార్చాలని లెక్క.

ఒక్కోసారి టిష్యూలన్నీ పొడిగా ఉంటాయి, మోత మాత్రం ఆగదు. అప్పుడు టాయిలెట్ గిన్నెలోకి సన్నగా నీళ్లు జారుతున్నాయేమో చూడు, దాని వాల్వు దగ్గర ఇది మామూలే. ట్రైలర్ బయట షవర్ ఉంటే అదీ చూడు. అదీ బాగుంటే పంపులోని ఆ అడ్డు వాల్వుని అనుమానించు. దాన్ని పట్టుకోవడం తేలిక. పంపు ఆపేసి బయటి కుళాయికి హోస్ తగిలించి వదిలెయ్యి. ట్యాంకు నువ్వు నింపకుండానే నిండుతోందంటే నీళ్లు ఆ వాల్వు దాటి వెనక్కి పోతున్నాయి. ఇసుక రేణువో, ప్లాస్టిక్ తునకో ఇరుక్కుంటే కడిగితే పోతుంది. అరిగిపోయి ఉంటే పంపు తలభాగం మార్చాలి.

లీకుకి ఇంకో రకం ఉంది, అది చుక్క కూడా కారదు. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే పైపులో పంపు నీళ్లని లాక్కుంటుంది కదా, అక్కడ సందు ఉంటే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. కుళాయి ఉమ్మినట్టు నీళ్లు వదులుతుంది, పంపు మోత గరగరమంటుంది, ట్యాంకులో చూస్తే నీళ్లు నిండుగా ఉంటాయి. పంపు ముందు ఒక చిన్న గిన్నెలాంటి ఫిల్టర్ ఉంటుంది, లోపల జాలీ. దాని మూత పారదర్శకంగా ఉంటే టార్చి వేసి చూడు, బుడగలు పరుగెడుతూ కనిపిస్తాయి. చాలాసార్లు ఆ మూత సరిగ్గా కూర్చోకపోవడమో, దాని రబ్బరు రింగు మెలిక పడడమో కారణం. కొత్త ట్రైలర్ కాబట్టి నువ్వెలాగూ మొదటి ట్రిప్పు అవగానే ఆ జాలీ విప్పి కడగాలి. ట్యాంకుకి బెజ్జాలు వేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ రజను అక్కడికే చేరుతుంది. పంపు ఆపి, ఒక కుళాయి తిప్పి ప్రెజర్ వదిలించి, కింద తువ్వాలు పరుచుకుని విప్పు. బిగించేటప్పుడు రింగు మీద వేలు పెట్టి ఒకసారి చుట్టూ తడుము.

పంపు ఆగకుండా తిరుగుతూనే ఉండి నీళ్లు రాకపోతే ట్యాంకు ఖాళీ అయిందేమో, వెంటనే స్విచ్ కట్టెయ్యి. ఈ రకం పంపు కాసేపు ఉత్తగా తిరిగినా తట్టుకుంటుంది, గంటలు వదిలేస్తే మాత్రం పాడవుతుంది. అసలు మోతే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత బ్యాటరీ. బ్యాటరీ నీరసించినా పంపు మూలుగుతూ తిరుగుతుంది. కుళాయి సన్నగా తిప్పినప్పుడు పంపు టకటకా ఆగుతూ మొదలవుతూ ఉంటే అది జబ్బు కాదు, టెన్షన్ పడకు. కుళాయి ఇంకాస్త తిప్పితే సర్దుకుంటుంది. మోత మరీ ఎక్కువగా ఉంటే పంపు కింది రబ్బరు కాళ్ల మరలు చూడు. మరీ బిగించేస్తే రబ్బరు అణిగిపోయి అదురంతా నేలకి పాకుతుంది. కొంచెం వదులు చెయ్యి.

ఇప్పుడు గీజర్. దీని దగ్గర మాత్రం నా మాట అక్షరాలా విను. గీజర్‌లో నీళ్లు నిండాయని రూఢి చేసుకోకుండా కరెంటు స్విచ్ వెయ్యొద్దు. ఖాళీ గీజర్‌లో హీటింగ్ ఎలిమెంట్ చూస్తుండగానే కాలిపోతుంది. "వేడినీళ్ల కుళాయిలో నీళ్లు వస్తున్నాయి కదా, నిండే ఉంటుంది" అని చాలామంది మోసపోతారు. చలికాలంలో గీజర్‌ని పక్కన పెట్టడానికి దాని వెనక బైపాస్ వాల్వులుంటాయి. అవి అలాగే ఉండిపోతే నీళ్లు గీజర్‌లోకి పోకుండా నేరుగా వేడినీళ్ల కుళాయికి వచ్చేస్తాయి. కాబట్టి ముందు ఆ వాల్వులు చూడు. తర్వాత వేడినీళ్ల కుళాయి తిప్పి చెవి పెట్టు. ఖాళీగా ఉన్న 20 లీటర్ల గీజర్ నిండడానికి పంపుకి రెండు నిమిషాలైనా పడుతుంది. అంతసేపూ కుళాయిలోంచి బుస్సుమని గాలి వచ్చి, ఆ తర్వాతే ధార కట్టాలి. ఖాళీ గీజర్‌తో మొదలుపెట్టినప్పుడు తిప్పిన వెంటనే నీళ్లు వచ్చాయంటే అనుమానించు.

బయటి కుళాయికి తగిలించేటప్పుడు పంపు స్విచ్ కట్టెయ్యి. ప్రెజర్ రెగ్యులేటర్ లేకుండా ఎప్పుడూ తగిలించకు. క్యాంపుల్లో కొన్నిచోట్ల నీళ్ల ప్రెజర్ మన పైపులు ఓర్చుకోలేనంత ఉంటుంది. 45, 50 పీఎస్ఐ దగ్గర ఆపే రెగ్యులేటర్ చాలు. దాన్ని ట్రైలర్ వైపు కాకుండా కుళాయి వైపు బిగిస్తే హోస్‌కి కూడా రక్షణ. తాగేనీళ్ల కోసమని తయారైన హోస్‌నే వాడు. మురికి ట్యాంకు కడిగే హోస్ వేరే రంగుది కొని, వేరే పెట్టెలో పెట్టు. పిల్లలు తాగే నీళ్లు కదా, ఈ విషయంలో నేను చాదస్తంగా ఉంటాను, నువ్వూ అలాగే ఉండు.

అసలు బయల్దేరే ముందే ట్యాంకునీ పైపుల్నీ శుద్ధి చెయ్యాలి. వాసన కలపని మామూలు బ్లీచు, ట్యాంకు పట్టే లీటరుకి ఒక మిల్లీలీటరు లెక్కన తీసుకో. 100 లీటర్ల ట్యాంకుకి 100 మిల్లీలీటర్లు. ముందు బకెట్టు నీళ్లలో కలిపి పోసి, ట్యాంకు నింపి, పంపు వేసి, చల్లనీళ్లవీ వేడినీళ్లవీ అన్ని కుళాయిలూ బ్లీచు వాసన వచ్చేదాకా వదులు. గీజర్ వేడి చేయకు. తాగేనీళ్ల ఫిల్టర్ కార్ట్రిడ్జ్ ఉంటే ముందే తీసెయ్యి. నాలుగు గంటలు ఉంచి, ఖాళీ చేసి, మంచినీళ్లతో వాసన పోయేదాకా కడుగు. ఎక్కువ బ్లీచు పోస్తే ఎక్కువ శుభ్రం అనుకోకు, రబ్బరు భాగాలు దెబ్బతింటాయి. వెనిగర్‌తో కలపనే కూడదు, విషవాయువు పుడుతుంది.

నీళ్ల బరువు తక్కువ కాదు. లీటరుకి కిలో. 150 లీటర్లు నింపావంటే ఇద్దరు పెద్ద మనుషుల్ని ఎక్కించుకున్నంత బరువు. ట్యాంకు చక్రాలకి వెనక వైపు ఉంటే కారుకి తగిలించే ముందు కొక్కెం మీద బరువు తగ్గిపోయి, ట్రైలర్ రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. మీ ట్యాంకు ఎక్కడుందో కిందికి వంగి చూసుకోండి. చేరే చోట నీళ్లు దొరుకుతాయంటే దారికి సరిపడా పోసుకుంటే చాలు.

అక్కడ నీళ్లు లేకపోతే పొదుపు తప్పదు. పంపు నిమిషానికి పది లీటర్ల పైనే తోస్తుంది, అంటే కుళాయి పావుగంట తిప్పి ఉంచితే ఆ 150 లీటర్లూ ఖాళీ. పిల్లలకి ఒళ్లు తడుపుకుని, షవర్ కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పుకోవడం ఇంట్లో ఉండగానే అలవాటు చెయ్యి. వాడిన నీళ్ల ట్యాంకు మీద కూడా కన్నేసి ఉంచు. అది నిండితే మురికినీళ్లు షవర్ కిందినుంచి పైకి వస్తాయి. బ్యాటరీ గురించి బెంగ అక్కర్లేదు. పంపు ఏడు ఆంపియర్లు లాగినా, రోజు మొత్తం మీద తిరిగేది ఇరవై నిమిషాలైతే రెండున్నర ఆంపియర్-అవర్లు కూడా ఖర్చవదు.

చలికాలం సంగతి అప్పుడు వివరంగా రాస్తాను. ఇప్పటికి ఒక్క మాట. గడ్డకట్టే చలి వచ్చేలోపు పైపుల్లో, పంపులో, గీజర్‌లో నీళ్లు ఉండకూడదు. పైపుల్లోకి యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టకుండా ఆపే ద్రవం, పోయాల్సి వస్తే ట్రైలర్ల కోసం అమ్మే గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే పొయ్యాలి. కారు రేడియేటర్లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తాగేనీళ్ల పైపుల దరిదాపులకి కూడా రానివ్వొద్దు.

ట్రైలర్ కదిలేముందు, మనుషులు బయటికి వెళ్లేముందు, పడుకునేముందు పంపు కట్టెయ్యి. బయటి కుళాయి మీద ఉంటే దాన్నీ కట్టెయ్యి. లోపల ఒక నట్టు ఊడినా పంపు ఆగి ఉంటే కారేది చెంబెడు, తిరుగుతుంటే ట్యాంకు మొత్తం నేల మీదే.

ఈ ఆదివారం ఇంటి ముందే ఒక పని చెయ్యండి. ముప్పై నలభై లీటర్లు పోసి, పంపు వేసి, ఒక్కో కుళాయీ గాలి పోయి ధార కట్టేదాకా వదిలి, అన్నీ కట్టెయ్యండి. ఫ్యాను, టీవీ, ఫోన్లు అన్నీ ఆపేసి, పిల్లల్ని బయట ఆడుకోనిచ్చి, నువ్వూ అల్లుడూ ఒక అరగంట పంపు పక్కన కూర్చోండి. ఆ అరగంటలో అది ఒక్కసారి డుర్రుమన్నా టిష్యూలు తీసి జాయింట్లకి చుట్టు. దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా సరే.

మీ మామయ్య