రోగులున్న ఇళ్లలోనే లెక్కేస్తే పావు వంతు సగమైపోతుంది

మీ ప్రశ్న ఇది: ఆదిలాబాద్ వైపు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) కుటుంబాల వివరాలు సేకరించారు. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లే, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ జన్యువును మోసేవాళ్లు. పిల్లల్లో నాలుగో వంతుకు జబ్బు రావాలి, మీ లెక్కలో సగం దాకా వచ్చింది. డేటా తప్పా, థియరీ తప్పా? రెండూ కాదు. ఆ ఇళ్లు మీ దాకా వచ్చిన దారిలోనే తేడా ఉంది.

నాకూ ఇదే ఎదురైంది. హనుమకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు అప్పుడు తలసీమియా (ఇదీ అలాగే వచ్చే రక్తపు జబ్బే) పిల్లలకు రక్తం ఎక్కించే చోట కూర్చుని, తల్లుల్ని అడిగి రాసుకున్నాను. లెక్క సగం దాటేసరికి టెన్షన్ పట్టుకుంది. మేనరికాల వల్లేమోనని ఒక పేజీ కూడా రాశాను. అది తప్పు. మేనరికం వల్ల భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయ్యే అవకాశం పెరుగుతుంది. ఇద్దరూ క్యారియర్లని తేలాక మాత్రం ప్రతి కాన్పుకూ పావు వంతే, బయటి సంబంధమైనా అంతే.

కాగితం తీసుకోండి. ఇద్దరేసి పిల్లలున్న క్యారియర్ జంటలు 16 అనుకుందాం. సగటున 9 ఇళ్లలో ఎవరికీ జబ్బు ఉండదు, 6 ఇళ్లలో ఒకరికి, 1 ఇంట్లో ఇద్దరికీ ఉంటుంది. మొత్తం 32 మందిలో 8 మంది, సరిగ్గా పావు వంతు. కానీ ఆ 9 ఇళ్లవాళ్లు ఆసుపత్రికి ఎందుకొస్తారు? మనకు కనిపించేవి 7 ఇళ్లు, 14 మంది పిల్లలు, అందులో 8 మంది రోగులు. అంటే 57 శాతం!

జబ్బున్న ఇల్లు ఒక్కటీ వదలకుండా మీ లెక్కలోకి వచ్చి ఉంటే, 1968లో లీ, మాంటెల్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన పద్ధతి చాలు. ఒక్క బిడ్డకే జబ్బున్న ఇళ్లెన్నో లెక్కపెట్టి, ఆ సంఖ్యను రోగుల లెక్కలోంచీ, మొత్తం పిల్లల లెక్కలోంచీ తీసేయాలి. మన ఉదాహరణలో 8లోంచి 6, 14లోంచి 6 తీస్తే 8లో 2. పావు వంతు తిరిగొచ్చింది. నేను మొదటిసారి ఇది చేసి చూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

కొన్ని ఇళ్లే వచ్చి ఉంటే అలా కుదరదు. ఇద్దరు రోగులున్న ఇల్లు మన కంట పడే అవకాశం ఎక్కువ కదా. అప్పుడు 1912లో స్టుట్‌గార్ట్ డాక్టరు వైన్‌బర్గ్ చెప్పిన దారి పట్టాలి. ఏ బిడ్డ ద్వారా ఆ ఇల్లు మనకు తెలిసిందో ఆ బిడ్డను ప్రోబాండ్ అంటారు. ప్రోబాండ్‌ను పక్కనపెట్టి, తోబుట్టువుల్లో ఎందరికి జబ్బుందో చూడాలి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు విడివిడిగా రిజిస్టరుకెక్కితే ఆ ఇంటిని రెండుసార్లు లెక్కించాలి. కానీ అన్ని ఇళ్లూ వచ్చిన డేటాలో ఇంటికొక్క ప్రోబాండ్‌నే తీసేస్తే 7లో 1 మిగులుతుంది, అంటే 14 శాతం. ఈసారి పొరపాటు అటువైపు.

గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1934లో ఈ సమస్యపైనే పేపర్ రాశారు. దాన్ని 1965లో విస్తృతమైన సిద్ధాంతంగా మలిచింది ఆయన శిష్యుడు, మన తెలుగువాడు సి.ఆర్.రావు. ఆ సంగతి తెలిశాక ఈ సబ్జెక్టు నాకు మరింత దగ్గరైంది.

ఇక ఫీల్డులో రెండు మాటలు. "పిల్లలు ఎంతమంది?" అని అడిగితే బతికున్నవాళ్లనే చెబుతారు. "ఎన్ని కాన్పులయ్యాయమ్మా?" అని మెల్లగా అడగండి. పోయిన బిడ్డ గురించి చెప్పేటప్పుడు ఆ తల్లిని తొందరపెట్టొద్దు, పెన్ను పక్కన పెట్టేయండి. ఒక తల్లి నన్ను, "ఒకరికి వచ్చింది కదా, ఇక ముగ్గురికి రాదా?" అని అడిగింది. ప్రతి కాన్పుకూ అదే పావు వంతని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమెకు నా తప్పు లెక్క ప్రకారం సగమని చెప్పి ఉంటేనో?

మీ నోట్‌బుక్‌లో ప్రతి ఇంటికీ ఎదురుగా ఒక కాలమ్ గీయండి: ఈ ఇల్లు నాకు ఎవరి ద్వారా, ఎలా తెలిసింది? అది రాయని ఇళ్లకు ఈ వారమే ఫోన్ చేసి అడగండి. ఆ తర్వాతే ఏ సూత్రం వాడాలో తేల్చుకోండి.