అయస్కాంత బ్యాక్టీరియా నిజంగా ఉందా? ఉంటే దేనికి పనికొస్తుంది?

ఉంది. 1975లో అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ బ్లేక్‌మోర్ రాసిన పరిశోధనా వ్యాసంతో దీని గురించి అందరికీ తెలిసింది. ఇవి నీటిలోని ఇనుమును తీసుకుని ఒంట్లోనే అతి చిన్న అయస్కాంత స్ఫటికాలు తయారుచేసుకుంటాయి, చాలా రకాల్లో అవి మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజానివే, సుమారు 35 నుంచి 120 నానోమీటర్ల సైజులో, సన్నటి పొర కప్పుకుని వరుసగా పేర్చుకుని దిక్సూచి ముల్లులా పనిచేస్తాయి. దాంతో భూమి అయస్కాంత క్షేత్రం వెంట ఈదుతూ తమకు కావాల్సినంత తక్కువ ఆక్సిజన్ ఉండే చోటుకి సులువుగా చేరతాయి.

అసలు విశేషం ఆ స్ఫటికాల నాణ్యతే! ల్యాబ్‌లో రసాయనాలతో ఇంత ఒకేలా, పొరతో సహా చేయడం చాలా కష్టం. అందుకే ఎమ్మారై స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి, క్యాన్సర్ కణితిని వేడితో చంపడానికి వీటిని పరీక్షిస్తున్నారు. కెనడా పరిశోధకులైతే బతికున్న బ్యాక్టీరియాకే మందు తగిలించి, అయస్కాంతంతో ఎలుకల్లోని కణితి లోపలికి నడిపించారు. మనుషుల వైద్యంలోకి ఇంకా రాలేదు, పెద్ద ఎత్తున పెంచడమూ కష్టంగానే ఉంది.