డాక్టర్ సలహా: మానిటర్ కొనే ముందు ఆ చుక్కల మందు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. హైదరాబాద్‌లోని ఒక సంస్థకు రాజమహేంద్రవరంలోని మా ఇంటి నుంచే లెక్కల పని చేస్తున్నాను. రోజుకు తొమ్మిది, పది గంటలు లాప్‌టాప్ ముందే గడుస్తోంది. సాయంత్రమయ్యేసరికి కళ్లు ఎర్రబడి మండుతున్నాయి, నుదురు నొప్పి పెడుతోంది, అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. మందుల షాపులో ఇచ్చిన చుక్కల మందు వేసుకుంటే ఎరుపు తగ్గుతోంది కాబట్టి ఐదు నెలలుగా అదే వాడుతున్నాను. ఫొటో జతచేశాను. ఇప్పుడు ఒక మంచి మానిటర్ కొందామనుకుంటున్నాను. 24 అంగుళాలది తీసుకోవాలా, 27 అంగుళాలదా? బ్లూ లైట్ ఫిల్టర్ ఉన్నదే కొనాలా? మా నాన్నగారికి నీటికాసుల వల్ల ఒక కంటి చూపు పోయింది. స్క్రీన్ చూసి చూసి నాకూ అలా అవుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీరు మానిటర్ గురించి అడిగారు, దానికి తప్పకుండా వస్తాను. అయితే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ ఫొటో. సీసా లేబుల్ మీద యాంటీబయాటిక్ పేరు కింద చిన్న అక్షరాలలో డెక్సామెథాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. పక్కనే కనిపిస్తున్న అట్టపెట్టె అంచున నిలువుగా ఎర్రగీత కూడా ఉంది. ఆ గీత ఉన్న మందును డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. అటువంటి మందును ఐదు నెలలుగా, కంటి వైద్యుణ్ణి ఒక్కసారి కూడా కలవకుండా వాడుతున్నారు. పైగా మీ నాన్నగారికి నీటికాసులు ఉన్నాయని మీరే రాశారు. ఈ రెండు విషయాలు ఒకే ఉత్తరంలో కనిపించాక మానిటర్ సైజు గురించి ముందుగా మాట్లాడటం నాకు సాధ్యం కాలేదు.

కారణం చెబుతాను. కంటి లోపల ఎప్పటికప్పుడు కొంత నీరు ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడ లాంటి సన్నని మార్గం గుండా బయటికి పోతూ ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేసుకుంటే కొందరిలో ఆ జల్లెడ పూడుకుపోయినట్టయి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువ కాలం వాడినవారిలో దాదాపు మూడో వంతు మందికి అది కొంతైనా పెరుగుతుంది, కొద్దిమందికి చాలా ఎక్కువగా పెరుగుతుంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులు ఉన్నవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. ఇందులో నొప్పి గాని ఎరుపు గాని ఉండకపోవచ్చు. ఆ ఒత్తిడికి కంటినరం మెల్లగా దెబ్బతింటూ ముందు పక్కచూపు తగ్గుతుంది. నీటికాసులు (గ్లాకోమా) అంటే ఇదే. ఎదురుగా ఉన్న అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి కనుక మనిషికి అనుమానం రాదు. అదే మందు కంటి కటకం వెనుక భాగంలో శుక్లాన్ని కూడా వయసుకు ముందే తీసుకురాగలదు.

స్క్రీన్ చూసినందువల్ల నీటికాసులు వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. మీ భయం తప్పు కాదు, కాకపోతే దాన్ని స్క్రీన్ మీద పెట్టుకుని, చేతిలో ఉన్న సీసాను స్నేహితుడిలా చూసుకున్నారు. ఆ మందు వేసుకుంటే ఎరుపు తగ్గడం నిజమే. స్టెరాయిడ్ ఎరుపు ఏ కారణంతో వచ్చినా అణచివేస్తుంది, అందుకే దాన్ని మించిన మందు లేదనిపిస్తుంది. ఎరుపు ఎందుకు వచ్చిందో మాత్రం అది తేల్చదు. మా ఓపీలో ఇటువంటివారు తరచుగా కనిపిస్తారు. దుమ్ము పడిందనో దురదనో ఎప్పుడో ఒకసారి రాసిన పాత చీటీని మడతలు చిరిగేదాకా దాచుకుని, రెండేళ్లపాటు అదే మందు కొనుక్కుని వాడినవారున్నారు. అటువంటి వ్యక్తి ఒకరు ‘నాకు చూపు బాగానే ఉంది, అద్దాలు మార్చండి చాలు’ అంటూ కూర్చున్నారు. ఒక కన్ను మూయించి, నా ముక్కు వైపే చూడమని చెప్పి పక్క నుంచి వేళ్లు కదిపితే, అవి దాదాపు నా ముఖం దాకా వచ్చేవరకు ఆయనకు కనిపించలేదు. అలా పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి ఇవ్వలేదు. మిగిలినదాన్ని కాపాడటానికే ఇప్పటికీ చికిత్స చేస్తున్నాము. మందుల షాపు వారిని ఒక్కరినే నేను తప్పుపట్టను. చదువుకుని, లెక్కల పనిలో ఉన్న మీరు ఆ లేబుల్‌ను ఒక్కసారి చదివి ఉండవలసింది.

ఇప్పుడు చేయవలసింది ఏమిటంటే, రేపు గాని ఎల్లుండి గాని కంటి వైద్యుణ్ణి కలవండి, ఆదివారం దాకా వాయిదా వేయకండి. ఆ చుక్కలను ఉన్నపళాన ఆపేయమని గాని, కొనసాగించమని గాని మీ కంటిని చూడకుండా నేను ఇక్కడ రాయడం సరికాదు. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న వాపు తిరగబెట్టవచ్చు, కొనసాగిస్తే ఒత్తిడి పెరగవచ్చు. ఎలా తగ్గించాలో పరీక్ష చేసిన డాక్టరే నిర్ణయించాలి. సీసానూ పెట్టెనూ వెంట తీసుకువెళ్లండి, మీ నాన్నగారి పాత రిపోర్టులు ఉంటే అవీ పట్టుకెళ్లండి. ఒత్తిడి కొలవడంతో పాటు, నీరు పోయే మార్గాన్ని చూసే గోనియోస్కోపీ, కంటినరం పరీక్ష, అవసరమనుకుంటే పక్కచూపును కొలిచే ఫీల్డ్ పరీక్ష, కంటినరం పొరల మందాన్ని చూపే ఓసీటీ స్కాన్ చేస్తారు. కనుపాప పెద్దది కావడానికి మందు వేస్తే నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఆ పూట సెలవు పెట్టుకోండి, బండి మీరు నడపకండి. సకాలంలో మందు మానిపిస్తే చాలామందిలో ఒత్తిడి కొన్ని వారాలలో మామూలు స్థితికి వస్తుంది. రక్తంలో చక్కెర పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి, మసకబారడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక మీ బాధల మూలం. చూడకుండా ఖాయంగా చెప్పలేను గాని, మీ వయసుకూ పనికీ రెండు విషయాలు సరిపోతున్నాయి. మొదటిది కళ్లు పొడిబారడం. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేసే మనిషి, స్క్రీన్ మీద అంకెలు చూస్తున్నప్పుడు అందులో సగం కూడా వేయడు, వేసినవి కూడా పూర్తిగా మూసుకోవు. ఫ్యాను గాలి గాని ఏసీ గాలి గాని ముఖానికి తగిలితే కన్నీటి పొర మరింత త్వరగా ఆరిపోతుంది. రెండోది చత్వారం. నలభై దాటిన తరువాత ఇది అందరికీ వచ్చేదే. మీకు దగ్గరి అద్దాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. లేకపోతే, సాయంత్రానికి నుదురు నొప్పికీ అంకెలు అలుక్కుపోవడానికీ అదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

అందుకే మానిటర్ కన్నా ముందు అద్దాల నంబరు తేలాలి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. పుస్తకం చదవడానికి రాసే నంబరు దాదాపు 40 సెంటీమీటర్ల దూరానికి రాస్తారు. మానిటర్ 60, 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పుస్తకం అద్దాలతో మానిటర్ చూస్తే తెలియకుండానే ముందుకు వంగుతారు. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో నంబరు ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలతో చూస్తే గడ్డం పైకెత్తి కింది భాగం నుంచి చూడవలసి వచ్చి మెడ పట్టేస్తుంది. మీరు మామూలుగా కూర్చునేట్టు కూర్చుని, కంటి నుంచి స్క్రీన్ దాకా టేపుతో కొలిచి, ఆ సంఖ్యను కాగితం మీద రాసి తీసుకువెళ్లి, అద్దాలు పరీక్షించేవారికి చెప్పండి.

మానిటర్ విషయంలో నాది వైద్యుడి అభిప్రాయం మాత్రమే. లాప్‌టాప్ తెర కిందికి, దగ్గరికి ఉంటుంది కాబట్టి విడిగా ఒకటి కొనడం మంచి ఆలోచనే. మామూలు బల్ల మీద, చేయి చాచినంత దూరంలో పెట్టుకునేట్టయితే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080) ఫ్లాట్ ప్యానెల్ సరిపోతుంది. 27 అంగుళాలే కావాలంటే 2560×1440 రిజల్యూషన్ ఉన్నది చూడండి. అంత పెద్ద తెర మీద 1920×1080 ఉంటే అంగుళానికి 82 పిక్సెళ్లే (తెర మీది వెలుగు చుక్కలే) వస్తాయి, అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 2560×1440లో 109 పిక్సెళ్ల దాకా వస్తాయి. కానీ అప్పుడు అక్షరాలు చిన్నవవుతాయి. మీ వయసులో ఇది ముఖ్యం. సెట్టింగులలో అక్షరాల సైజును పెంచే స్కేలింగ్‌ను 125 శాతానికి పెంచుకోకపోతే కొత్త మానిటర్ కొన్న మర్నాడే మళ్లీ తలనొప్పి అంటారు.

నా ఉద్దేశంలో సైజు కన్నా స్టాండు ముఖ్యం. ఎత్తు పెంచి, తగ్గించి, వెనక్కి వంచే వీలున్నది తీసుకోండి. తెర పై అంచు మీ కంటి మట్టానికి సమానంగా గాని కొద్దిగా కిందకు గాని ఉండాలి. అలా కిందికి చూసినప్పుడు పైరెప్ప కంటిని ఎక్కువ భాగం కప్పుతుంది, కన్నీటి పొర ఆరడం తగ్గుతుంది. వెలుగు ప్రతిఫలించని మ్యాట్ తెర ఎంచుకోండి. కిటికీ మీకు ఎదురుగా గాని వెనుక గాని లేకుండా పక్కకు ఉండేట్టు బల్ల వేసుకోండి. కొన్ని మానిటర్లలో బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు వెలుగు సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతూ ఉంటుంది; కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది, అందుకే ఫ్లికర్ ఫ్రీ అని ఉన్నది చూసి కొనండి. తెల్లటి పేజీ తెరిచినప్పుడు అది గదిలో దీపంలా వెలగకూడదు, మాసిన కాగితంలా బూడిదరంగులోనూ ఉండకూడదు. బ్రైట్‌నెస్‌కు అదే కొలత.

బ్లూ లైట్ ఫిల్టర్ కోసం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. తెరల నుంచి వచ్చే నీలికాంతి కంటిని పాడుచేస్తుందనడానికి ఆధారం లేదు. 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 17 పరిశోధనలను పరిశీలించి, నీలికాంతిని ఆపే అద్దాల వల్ల కంటి శ్రమ తగ్గుతుందన్న వాదనకు బలం కనిపించలేదని చెప్పింది. రాత్రి పడుకోబోయే ముందు పనిచేస్తే, కావాలంటే తెర రంగును పసుపు వైపు మార్చే నైట్ మోడ్ పెట్టుకోండి, అది మీ కంప్యూటర్‌లో ఉచితంగానే ఉంటుంది. దానికన్నా 20 నిమిషాలకు ఒకసారి 20 సెకన్లపాటు 20 అడుగుల దూరాన ఉన్నదేదైనా చూడటం, అప్పుడు నాలుగైదుసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవడం మేలు. కళ్లు పొడిబారాయని డాక్టర్ తేల్చితే కృత్రిమ కన్నీటి చుక్కలు రాస్తారు. వాటినీ మీ అంతట మీరు ఎంచుకోకండి. ఎరుపు తగ్గిస్తాయని ప్రకటించే మరో రకం చుక్కలు అసలే వద్దు, వాటిని అలవాటు చేసుకుని ఆపితే ఎరుపు మళ్లీ ఎక్కువగా రావచ్చు.

డాక్టర్‌ను కలిసేలోగా కన్ను బాగా నొప్పి పెట్టినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, వాంతులతో కూడిన తలనొప్పి వచ్చినా, చూపు ఒక్కసారిగా తగ్గినా తెల్లవారేదాకా ఆగకుండా కంటి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే, వారికి ఏ బాధా లేకపోయినా, నాన్నగారి జబ్బు సంగతి చెప్పి కంటి ఒత్తిడి, కంటినరం పరీక్ష చేయించుకోమనండి.