ధర పెరిగిపోయిన పాత వాచీని ఇంకా పెట్టుకోవచ్చా?

ఎప్పుడో ఇష్టపడి కొనుక్కున్న 1960ల నాటి వాచీ ధర ఇప్పుడు పది రెట్లు దాటింది, పెట్టుకుంటే భయం, దాచుకుంటే దిగులు, ఏం చెయ్యను అని అడిగారు. పెట్టుకోండి. ఇదే టెన్షన్‌తో రెండేళ్లు వేగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అయితే "వాచీ ఉన్నది పెట్టుకోవడానికే కదా" అనేసి వెళ్లిపోను. ఆ మాట నాకు చాలామంది చెప్పారు. దానివల్ల భయం వీసమెత్తు కూడా తగ్గలేదు.

నాది ఒమేగా స్పీడ్‌మాస్టర్. లోపల 321 కాలిబర్ (వాచీని నడిపే యంత్రం పేరు అది) ఉన్న ఆఖరి తరం, 1968 ప్రాంతంది. కొత్తది కొనే స్తోమత లేక పాతది కొన్నాను, అంతకుమించి గొప్ప కారణం ఏమీ లేదు. రోజూ ఆఫీసుకి అదే, టైరు మార్చినా అదే, అటక మీద సామాను దింపినా అదే. తలుపు దర్వాజాకి ఎన్నిసార్లు తగిలిందో లెక్క లేదు. చొక్కా అంచుతో తుడుచుకుని నా పని నేను చూసుకునేవాణ్ణి.

ఒకరోజు ఆఫీసులో ఒకాయన నా చెయ్యి చూసి, ఫోన్‌లో అదే మోడల్ అమ్మకానికి పెట్టిన ప్రకటన చూపించాడు. ధర చూసి ముందు సున్నాలు తప్పు చదివాననుకున్నాను. ఆ వారమే మళ్లీ దర్వాజాకి తగిలింది. దెబ్బ పాతదే, కానీ ఈసారి గుండె జారింది. కిటికీ దగ్గరికి పరిగెత్తి భూతద్దం పెట్టి చూశాను. నా భయమంతా బెజెల్ గురించి, అంటే గాజు చుట్టూ అంకెలు వేసి ఉండే పట్టీ. పాత స్పీడ్‌మాస్టర్లలో బెజెల్ మీద 90 అంకె దగ్గరుండే చుక్క, అంకె పక్కన కాకుండా కాస్త పైకి ఉంటుంది. 1970 ప్రాంతంలో దాన్ని పక్కకి దించేశారు. పైకున్న ఆ చుక్క కోసం ఉత్త బెజెల్‌నే విడిగా భారీ ధర పెట్టి కొనేవాళ్లున్నారు. అది పల్చటి అల్యూమినియం రేకు. గీత పడితే పడినట్టే, సరిచెయ్యడం ఉండదు.

మర్నాడే వాచీ లాకర్‌లోకి వెళ్లింది. రెండేళ్లు అక్కడే ఉంది. నెలకోసారి తీసి, చూసి, కీ ఇచ్చి, మళ్లీ పెట్టేవాణ్ణి. మొదట్లో నెలకోసారి, తర్వాత ఎప్పుడో గుర్తొస్తే. చివరికి ఒక పెళ్లికి పెట్టుకుందామని తీస్తే రోజుకి ఏడెనిమిది నిమిషాలు వెనక నడుస్తోంది. మెకానిక్ తెరిచి చూసి, లోపల నూనె ఎండి జిగురైపోయిందన్నాడు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. "నడపకపోతే వాచీ పాడైపోతుంది" అని అందరూ అంటారు. అది సగమే నిజం. ఆగిపోయిన వాచీలో ఏదీ అరగదు. నూనె మాత్రం వాచీ నడిచినా ఆగినా కాలంతో పాటు ముదురుతుంది, ఉండాల్సిన చోటి నుంచి జరుగుతుంది. అసలు ప్రమాదం నూనె ఎండిన వాచీని నడపడం. నా వాచీ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకి 4,32,000. అన్ని కదలికలూ పొడి లోహం మీద జరిగితే ఆ సన్నటి ఇరుసులు ఏమవుతాయో ఊహించండి. కాబట్టి దాచిపెట్టడం వల్ల నా వాచీ చెడిపోయిందని అనను. దాచినందువల్ల అది బాగుపడింది కూడా ఏమీ లేదు. నేను భయపడి చేసిన ఆ పని దానికి ఏ మేలూ చెయ్యలేదు, అంతే.

అసలు నష్టం దానికి చాలా ముందే జరిగిపోయింది, అదీ నా డబ్బుతోనే. కొన్న కొత్తలో సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఆ మెకానిక్ మంచివాడే, పనిమంతుడే. నేను అడక్కపోయినా కేసుకి పాలిష్ పట్టి, పాత ముళ్లు పీకేసి కొత్తవి వేసి, తళతళలాడేలా చేతిలో పెట్టాడు. కొత్త పెళ్లికొడుకులా ఉందని మురిసిపోతూ ఇంటికొచ్చాను. పాత ముళ్లు ఏవని అడగాలని కూడా తోచలేదు. చాన్నాళ్ల తర్వాత తెలిసింది: స్ట్రాప్‌ని పట్టి ఉంచే ఆ నాలుగు కొమ్ముల మీద కత్తి అంచులాంటి గీతలు ఉండాలి, నా వాచీకి అవి సబ్బుబిళ్లలా అరిగిపోయి ఉన్నాయి. పాలిష్ అంటే గీతని తీసెయ్యడం కాదండీ, గీత చుట్టూ ఉన్న స్టీలుని తీసెయ్యడం. పోయిన స్టీలు తిరిగి రాదు.

ముళ్ల సంగతి ఇంకా ఘోరం. ఆ కాలం డయల్ మీద, ముళ్ల మీద చీకట్లో వెలగడానికి ట్రిటియం వాడేవారు. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 12.3 ఏళ్లు. 1968 నాటి ట్రిటియంలో ఇప్పటికి మిగిలింది నూటికి నాలుగు పాళ్లు. అందుకే అవి వెలగవు, మీగడ రంగుకి తిరిగి ఊరుకుంటాయి. ఆ మీగడ రంగు డయల్ మీదా ముళ్ల మీదా ఒకేలా ఉంటే, అవి మొదటి నుంచీ కలిసే ఉన్నాయని చూసేవాళ్లకి నమ్మకం. నా వాచీలో డయల్ మీద చుక్కలు మీగడ రంగు, ముళ్లు సున్నం కొట్టినట్టు తెలుపు. లైటు ఆర్పితే ముళ్లు మాత్రమే వెలుగుతూ గాల్లో తేలుతుంటాయి. రాత్రిపూట మంచంలో అది చూసి నవ్వుకుంటుంటాను, ఏడవలేక.

(పక్కమాట: మీది 1960ల మొదట్లోదో అంతకన్నా పాతదో అయితే అందులో ట్రిటియం బదులు రేడియం ఉండొచ్చు. వెలగట్లేదు కదా, అయిపోయిందనుకోకండి. రేడియం రేడియోధార్మిక పదార్థం, దాని అర్ధాయువు 1,600 ఏళ్లు. చచ్చిపోయింది దానితో కలిపిన, వెలుగునిచ్చే పొడి మాత్రమే. మూసి ఉన్నంతవరకు పెట్టుకోవచ్చు. మీరు మాత్రం దాన్ని తెరవొద్దు, డయల్ గోకొద్దు. ఆ సంగతి తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.)

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్నేళ్లు చేతికి పెట్టుకుంటే వాచీకి నా వల్ల పడినవి నాలుగు సన్న గీతలు. సర్వీసింగ్ బల్ల మీద ఒక్క పూటలో పోయింది అంతకు ఎన్నో రెట్లు. ఇక సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు చీటీ మీద రాయించండి: పాలిష్ వద్దు, డయల్ ముట్టుకోవద్దు, ముళ్లు మార్చొద్దు, ఏ భాగం మార్చినా పాతది తిరిగివ్వాలి. నోటితో చెబితే మర్చిపోతారు. ఇచ్చే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఉంచుకోండి.

పెట్టుకోవడంలో ప్రమాదమే లేదని కాదు. నీటికి మాత్రం నేను నిజంగా భయపడతాను. వెనక మూత మీద నీళ్లు చొరవవని ఏమి చెక్కి ఉన్నా, ఆ మాట ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటిది. లోపలి రబ్బరు వాషర్లు ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటాయి. గాజు లోపల మసక పట్టిందంటే "ఎండలో పెడితే పోతుందిలే" అనుకోకండి, అదే రోజు మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ముళ్ల మీద తుప్పు పట్టడానికి రోజులు చాలు. వాన పడేలా ఉంటే నేను పెట్టుకోను. చేతులు కడుక్కునేటప్పుడు తీసి జేబులో వేసుకుంటాను, బేసిన్ అంచున పెట్టను. ఎందుకో చెప్పక్కర్లేదు.

రెండోది స్ట్రాప్. నా వాచీ పోవాల్సింది ఒకసారి. మెట్లు దిగుతుంటే చేతి మీద బరువు తేడాగా అనిపించి చూశాను. ఒకవైపు స్ప్రింగ్ పిన్ను ఊడిపోయి, వాచీ రెండో పిన్ను మీద వేలాడుతోంది. అంత ఖరీదైన వస్తువుని చేతికి పట్టి ఉంచుతున్నది వాచీలో అన్నింటికన్నా చవకైన ముక్క! అప్పటి నుంచీ రెండు పనులు చేస్తున్నాను. ఆ పిన్నులు ఏడాదికోసారి మార్పిస్తాను. స్ట్రాప్ కూడా వాచీ కింద నుంచి రెండు పిన్నుల గుండా దూరి వెళ్లే ఒకే ముక్క గుడ్డ స్ట్రాప్ వాడతాను. ఒక పిన్ను ఊడినా వాచీ చేతినే పట్టుకుని ఉంటుంది. చూడ్డానికి తోలుది అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

గాజు మీద గీతల గురించి అసలు పట్టించుకోకండి. ఆ కాలం వాచీల్లో చాలావాటికి ఉన్నది గాజు కాదు, ప్లాస్టిక్. చూపు సోకినా గీత పడుతుంది గానీ, ప్లాస్టిక్ పాలిష్ పేస్టు రాసి మెత్తటి గుడ్డతో ఐదు నిమిషాలు రుద్దితే పోతుంది. పెద్ద దెబ్బ తగిలినా ముక్కలై చెదరదు. ఫోన్ కవర్లలో, స్పీకర్లలో ఉండే అయస్కాంతాలతో జాగ్రత్త. ఉన్నట్టుండి వాచీ నిమిషాల కొద్దీ ముందుకి పరిగెడితే చాలాసార్లు కారణం అదే. మెకానిక్ క్షణంలో సరిచేస్తాడు.

ఇక డబ్బు సంగతి. మీ అసలు భయం ఇదే కదా. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ వాచీ, రోలెక్స్ డేటోనా గురించి వినే ఉంటారు. భార్య జోన్ వుడ్‌వర్డ్ కొనిచ్చింది, కారు జాగ్రత్తగా నడపమని వెనక చెక్కించి మరీ. ఆయన దాన్ని పెట్టుకునే తిరిగాడు. 1984లో కూతురి స్నేహితుణ్ణి టైమెంతని అడిగితే, తన దగ్గర వాచీ లేదన్నాడట అతను. అయితే ఇది తీసుకో, కీ ఇస్తే బాగానే నడుస్తుందని చేతిలో పెట్టేశాడు. ఆ కుర్రాడూ ఏళ్ల తరబడి పెట్టుకున్నాడు. 2017లో న్యూయార్క్ వేలంలో అది కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అలా అని మన గీతలకి కూడా విలువ పెరుగుతుందని కాదు, మనం పాల్ న్యూమన్‌లం కాదు. కానీ ఇద్దరు మనుషుల చేతుల మీద తిరిగిన వాచీ అది.

దీనికి ఎదురుకథ ఒకటుంది, అది నాకు ఇంకా ఇష్టం. 1969లో చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ తన స్పీడ్‌మాస్టర్‌ని ల్యాండర్ లోపలే వదిలి దిగాడు. ఆల్డ్రిన్ మాత్రం తనది పెట్టుకునే దిగాడు. చంద్రుడి మీద ఆ వాచీకి ఏమీ కాలేదు. భూమి మీదకొచ్చాక, భద్రంగా ఉంటుందని స్మిత్సోనియన్ మ్యూజియంకి పంపిస్తే దారిలో మాయమైంది. ఇప్పటికీ దొరకలేదు.

బీమా చేయించండి. ఇంటి సామానుతో కలిపి చేసిన మామూలు బీమాలో ఇలాంటి వస్తువుకి పరిమితి ఉండొచ్చు. వాచీని విడిగా పేరు పెట్టి రాయించి, విలువ ఎంతో ముందే ఒప్పుకునే రకం పాలసీ తీసుకోండి, ఇంటి బయట పోయినా వర్తిస్తుందో లేదో అడగండి. రెండు మూడేళ్లకోసారి విలువ కట్టించి మార్పించుకోవాలి. ధర ఎప్పుడూ పైకే పోతుందనీ అనుకోకండి. 2021లోనూ 2022 మొదట్లోనూ ఎగబాకిన వాచీ ధరలు చాలావరకు ఆ తర్వాత జారాయి. నా లాకర్ రోజుల్లో ఒక దశలో రోజూ ధర చూసేవాణ్ణి. వాచీలో టైము చూడటం మానేసి వాచీ ధర చూడటం మొదలుపెట్టానన్నమాట.

దొంగల భయం నిజమైనదే. రద్దీలో, రాత్రి ప్రయాణాల్లో, తెలియని ఊళ్లో నేను చవక వాచీ పెట్టుకుంటాను. ఇందులో సిగ్గేమీ లేదు. ఫొటోలు తీసి అందరికీ చూపించడం కూడా మానేశాను.

చివరికి నన్ను లాకర్ నుంచి బయటపడేసింది ఒక ప్రశ్న. ఈ వాచీ ఇవాళ్టి ధరకి అమ్మి, ఆ డబ్బు చేతిలో పెడితే, మళ్లీ అదే వాచీ కొంటానా? నాకు కొనను అనిపించింది, నిజాయితీగా. అమ్మాలా మరి? ఆ డబ్బుతో తీరే అప్పుంటే, ఆగిపోయిన చదువో వైద్యమో ఉంటే ఆ రోజే అమ్మేసేవాణ్ణి. మీకు అలాంటి అవసరం ఉంటే పెట్టుకోవాలా వద్దా అన్న మీమాంస వదిలేసి అమ్మేయండి, ఎవరేమన్నా పట్టించుకోకండి. నాకు ఆ అవసరం లేదు. పోయినా సంసారం నడుస్తుంది, కొన్నాళ్లు కడుపు మండుతుంది, అంతే. అది అర్థమయ్యాక తీసి పెట్టుకున్నాను.

ఇప్పుడు వారానికి మూడు నాలుగు రోజులు పెట్టుకుంటాను. పొద్దున్నే కీ ఇస్తాను, బిగుతుగా తగలగానే ఆపేస్తాను. టైరు మార్చాల్సొస్తే తీసేస్తాను. మొన్న మళ్లీ దర్వాజాకి తగిలింది. భూతద్దం తియ్యలేదు గానీ, ఒకసారి వంగి చూశాను, అబద్ధం ఎందుకు.

మీరు మీ వాచీ మోడల్ రాయలేదు. ఏదైనా సరే, దాని స్ట్రాప్ పిన్నులు మాత్రం ఈ వారమే మార్పించండి.