ఎంజీబీ ఇంజిన్ బిగించే ముందు

చిరంజీవికి,
కవెంట్రీ నుంచి బాబాయి ఆశీస్సులు.

నీ ఎంజీబీ (ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇంజిన్ విప్పిన ఫోటోలు చూశాను. బ్లాకు ఒక కారుది, క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఇంకో కారుది, పిస్టన్లను దానికి కలిపే రాడ్లు మూడో చోటి నుంచి వచ్చాయన్నావు. టెన్షన్ పడకు, ఇలాంటి ఇంజిన్లు చక్కగా నడుస్తాయి. కానీ అన్నీ ఎంజీబీవే కదా అని ఒకదానికొకటి సరిపోతాయనుకోకు. నాలుగు సిలిండర్ల ఎంజీబీలన్నీ 1798 సీసీయే. అయినా 1962లో వచ్చిన ఇంజిన్‌కు క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడు, 1964 చివరి నుంచి ఐదు. ఆ క్రాంకు ఈ బ్లాకులో కూర్చోదు. బ్లాకు మీది నంబరు ప్లేటును నమ్మకు, దాన్ని ఊడదీసి ఇంకోదానికి కొట్టొచ్చు. ఒక్కో మెయిన్ బేరింగును బ్లాకుకు బిగించి పట్టే క్యాపులు లెక్కపెట్టు.

ఆ క్యాపుల గురించే నా బాధంతా. కుర్రతనంలో బెజవాడలో అంబాసిడర్ ఇంజిన్లు విప్పేవాణ్ణి. ఆ 1489 సీసీ ఇంజిన్ కూడా నీ ఇంజిన్ కుటుంబానిదే. ఒకసారి మెయిన్ క్యాపులు గుర్తు పెట్టకుండా అన్నీ ఒకే కిరసనాయిలు తొట్టిలో వేసి కడిగాను. బిగించాక, చేత్తో తిరగాల్సిన క్రాంకుకు స్పానర్ వేయాల్సి వచ్చింది. ఆయిల్ పడితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. వారం తిరక్కుండా బేరింగులు కాలిపోయాయి. అది టాక్సీ. దాని మీదే బతికే మనిషి షెడ్డు ముందు నిలబడి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నేను మర్చిపోలేదు.

క్యాపును బ్లాకుకు బిగించాకే ఆ రంధ్రాన్ని బోరింగ్ చేస్తారు. కాబట్టి దాని చోటు దానిదే. నీ క్యాపులు వేరే బ్లాకువైతే మాత్రం లైన్ బోరింగ్, అంటే ఆ రంధ్రాలన్నిటినీ ఒకే వరసలో మళ్లీ బోరు చేయించడం, తప్పదు, ఖర్చుకు వెనకాడకు.

క్రాంకు జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) మీద గోరు గీసి చూడు, గోరు తగులుకుంటే గ్రైండింగ్‌కు పంపు. నునుపుగా ఉన్నా మైక్రోమీటర్‌తో నాలుగు వైపులా కొలిచి రాసుకో, షెల్స్ (బేరింగు రేకులు) ఆ తర్వాతే కొను. షెల్స్ వేశాక పొడి జర్నల్ మీద ప్లాస్టిగేజ్ పోగు (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ దారం) పెట్టి, క్యాపును 70 పౌండ్-అడుగులకు బిగించు. క్రాంకు కదపకుండా విప్పి, నలిగిన పోగు వెడల్పు చూడు. సందు 1 నుంచి 2.7 థౌ (అంగుళంలో వెయ్యోవంతు) మధ్య ఉండాలి.

రాడ్ల చిన్న కన్ను, అంటే పిస్టన్ పిన్ను దూరే చివర, కూడా చూసుకో. కొన్ని ఏళ్ల రాడ్లలో బుష్ ఉండి పిన్ను వదులుగా తిరుగుతుంది, తర్వాతి వాటిలో పిన్నును ప్రెస్ చేసి ఎక్కిస్తారు. అది తేలేదాకా పిస్టన్లు ఆర్డర్ పెట్టకు. గేర్‌బాక్స్ ఏ కాలందో కూడా కనుక్కో. అన్ని గేర్లకూ సింక్రో (గేరు గరగరలాడకుండా పడే ఏర్పాటు) వచ్చినప్పుడు ఇంజిన్ వెనక ఉండే బ్యాక్ ప్లేటు, స్టార్టర్ మారాయి. వాల్వులు తెరిపించే క్యామ్ కొత్తది వేస్తే, దాని మీద ఆనే ట్యాపెట్లు మాత్రం పాతవి వద్దు, దాన్ని తినేస్తాయి.

ఈ ఆదివారం ఒక్క క్రాంకు మాత్రం బిగించి, చేత్తో తిప్పి నాకు ఫోన్ చెయ్యి. పిస్టన్లు ఇంకా ఎక్కించకు.

నీ బాబాయి