సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ముందు సైటు, తర్వాతే సర్టిఫికెట్

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఈ ఏడాదే పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. గాజువాకలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, ఆ తర్వాత నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్, ఆపైన గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటూ మొత్తం కలిపి లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు. వాడికి ఈ లైను ఇష్టమే. అచ్యుతాపురం ప్రమాదం జరిగినప్పటి నుంచి వాళ్లమ్మకు మాత్రం ఫ్యాక్టరీ అంటేనే భయం. చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. లైను మంచిదే. మీవాడికి ఇష్టం కూడా ఉందంటున్నారు కాబట్టి కాదనడానికేమీ లేదు. కానీ ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్న వరస తలకిందులుగా ఉంది.

సేఫ్టీ ఆఫీసర్‌ని పెట్టుకోవాలా వద్దా అన్నది యజమాని ఇష్టం మీద వదిలేసిన విషయం కాదు. వెయ్యి మంది పనిచేసే ఫ్యాక్టరీలో ఉండి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద వచ్చిన రూల్స్‌లో ఆ సంఖ్య 500. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ దీన్ని ఇంకా కిందికి దించింది. మామూలు ఫ్యాక్టరీకి 500, ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీకి 250, నిర్మాణ పనులకు 250. పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం లాంటి చోట్ల ఎన్ని యూనిట్లు ఈ లెక్కలోకి వస్తాయో మీరే ఊహించుకోండి. కాబట్టి ఈ లైనులో ఉద్యోగాలు పెరుగుతాయన్నది నిజమే.

ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పకుండా దాటేసింది అర్హత సంగతి. ఇన్నాళ్లూ నడుస్తున్న రూల్స్ ప్రకారం ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు సూపర్‌వైజర్ స్థాయిలో రెండేళ్ల అనుభవం ఉండాలి, డిప్లొమా వాళ్లకు ఐదేళ్లు. దాంతోపాటు ఇండస్ట్రియల్ సేఫ్టీలో ప్రభుత్వం గుర్తించిన డిగ్రీయో డిప్లొమాయో ఉండాలి. గుర్తించిన అన్న మాట దగ్గరే మీరు గట్టిగా పట్టుకోండి. గోడకు ఫ్రేమ్ కట్టించి పెట్టుకునే మూడు నెలల డిప్లొమాతో ఫ్యాక్టరీల శాఖ లెక్కలో సేఫ్టీ ఆఫీసర్‌గా నిలబడలేరు. కాంట్రాక్టర్ల దగ్గర సేఫ్టీ స్టీవార్డ్ (సేఫ్టీ ఆఫీసర్‌కు సహాయకుడు), ఫైర్ వాచ్ (నిప్పు అంటుకోకుండా కాపలా) లాంటి పనులు దొరుకుతాయి. అవీ ఉద్యోగాలే, తక్కువ చేయను. కానీ ఏళ్లు గడిచినా అక్కడే ఆగిపోయినవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తుంటారు.

కొత్త కోడ్ కింద రాష్ట్ర రూల్స్‌లో అర్హతలు ఎలా ఉన్నాయో చేరే ముందు ఫ్యాక్టరీల శాఖ ఆఫీసులో ఒకసారి అడగండి. కాగితం మీద రాయించుకు వస్తే ఇంకా మంచిది.

అందుకే నా సలహా ఇది. మీవాణ్ణి ముందు మెకానికల్ పనిలోనే పెట్టండి. ఫాబ్రికేషన్, పైపింగ్, మెయింటెనెన్స్, ఏదైనా సరే. వెల్డర్ ఎలా కూర్చుంటాడో, బరువులెత్తే రిగ్గర్ స్లింగ్ (ఎత్తే తాడు) ఎక్కడ వేస్తాడో, రిపేర్ల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్ రోజుల్లో రాత్రి రెండింటికి మనిషి ఏ తప్పు చేస్తాడో కళ్లారా చూడాలి. అది తెలియని సేఫ్టీవాణ్ణి మేస్త్రీ మొదటి రోజే పసిగడతాడు. ఆ తర్వాత ఆ కుర్రాడి మాట ఎవరూ వినరు.

ఈ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మందుల ఫ్యాక్టరీలో ఒక ట్యాంకు లోపల శుభ్రం చేయాలి. పని మొదలుపెట్టడానికి అనుమతి ఇచ్చే పర్మిట్ ఫారం మీ అబ్బాయి దగ్గరకు వస్తుంది. ఆ ట్యాంకుకు వచ్చే పైపు లైన్లన్నీ బ్లైండ్ (అడ్డు పలక) వేసి మూశారా, లోపల కలియతిప్పే స్టిర్రర్ మోటారుకు తాళం, ట్యాగ్ పడ్డాయా అన్నది వెళ్లి చేత్తో తాకి చూడాలి. తర్వాత గ్యాస్ డిటెక్టర్‌ని గొట్టంతో పైన, మధ్యలో, అడుగున దించి రీడింగ్ తీయాలి. బయట గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. లోపల 19.5 కంటే తగ్గితే ఎవరూ దిగకూడదు. సాల్వెంట్ (మందుల తయారీలో వాడే ద్రావకం) ఆవిర్లు చాలావరకు గాలికన్నా బరువు కాబట్టి అడుగుకు చేరతాయి. పైన ఒక్కచోట చూసి సంతకం పెట్టేవాడి చేతుల్లో మనుషులు పోయేది ఇక్కడే. మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడి, లోపలికి వెళ్లినవాళ్ల పేర్లు రాసుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే అతను కూడా కంగారుపడి దూకకూడదు. పడిపోయినవాణ్ణి కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు పోయిన ఘటనలు మన పేపర్లలో ఎన్ని చదవలేదు?

ఇదంతా చేస్తుండగా వెనకాల ప్రొడక్షన్ వాళ్లు వచ్చి నిలబడతారు. "బాబూ, పది నిమిషాల పని, సంతకం పెట్టేయ్" అంటారు. ఇరవై మూడేళ్ల కుర్రాడు యాభై ఏళ్ల మేనేజర్‌కు కాదని చెప్పాలి. అసలు కష్టం అక్కడుంది. ఏ కోర్సూ ఇది నేర్పదు. పని తెలిసినవాడికే ఆ ధైర్యం వస్తుంది.

ఈ మాటలు వాళ్లమ్మగారికి కూడా చెప్పండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో లీకైన సాల్వెంట్ ఆవిరి మండి 17 మంది పోయారు. ఆమె భయానికి కారణం ఉంది, తీసిపారేయకండి. సేఫ్టీ ఉద్యోగంలో ఒంటికి ముప్పు మెయింటెనెన్స్ పనికన్నా ఎక్కువేమీ కాదు, టెన్షన్ మాత్రం ఎక్కువ. ప్రమాదం జరిగితే మొదట అడిగేది పర్మిట్ మీద ఎవరు సంతకం పెట్టారనే. చూడని దాని మీద సంతకం పెట్టకూడదన్న పట్టుదల మీవాడికి ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది. ఇంకో సంగతి. సేఫ్టీ ఆఫీసర్‌కు తన పనికి సంబంధం లేని డ్యూటీలు వేయకూడదని రూల్స్‌లోనే ఉంది. అయినా చాలా చోట్ల గేటు పాసులు, క్యాంటీన్ లెక్కలు కూడా తగిలిస్తారు. ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగడం మేలు.

పర్యావరణం వైపు ఎవరూ పెద్దగా చెప్పరు కానీ ఈ ఉద్యోగంలో అదీ సగం. వాడేసిన ఇంజిన్ ఆయిల్ డ్రమ్ములు, ఇతర ప్రమాదకర వ్యర్థాలు మామూలుగా 90 రోజులకు మించి ఫ్యాక్టరీలో ఉంచకూడదు. అవి ఎప్పుడు, ఏ లారీలో, ఎవరికి వెళ్లాయో రికార్డు ఉండాలి. రాసే ఓపిక ఉన్న కుర్రాళ్లు ఇక్కడ త్వరగా పైకొస్తారు.

భాష సంగతికి వస్తే, ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష సేఫ్టీ ఆఫీసర్‌కు తెలిసి ఉండాలని కూడా రూల్స్ అంటాయి. మన వైపు సైట్లలో ఒడిశా, బిహార్, బెంగాల్ మనుషులే ఎక్కువ. పొద్దున్నే పని మొదలయ్యే ముందు పది నిమిషాలు చెప్పే జాగ్రత్తలు, అంటే టూల్‌బాక్స్ టాక్, తెలుగులో చెబితే సగం మంది తల ఊపుతారు, అర్థమై మాత్రం కాదు. కాబట్టి పనిలో చేరిన మొదటి రెండేళ్లలో హిందీ పట్టమనండి. గల్ఫ్‌కు వెళ్లినా అదే అక్కరకొస్తుంది.

కోర్సు ఎప్పుడంటారా? మీవాడు డిప్లొమా కాబట్టి నాలుగైదేళ్లు పని చేశాక ఇండస్ట్రియల్ సేఫ్టీలో అడ్వాన్స్‌డ్ డిప్లొమాకు వెళ్లొచ్చు. కేంద్ర కార్మిక శాఖ కింద ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, మనకు దగ్గరది చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్. ఈలోగా బీటెక్ లేటరల్ ఎంట్రీకి (డిప్లొమా మీద నేరుగా రెండో ఏడాదిలో చేరడం) వెళ్తే అనుభవం షరతు రెండేళ్లకు దిగుతుంది, అది కూడా ఆలోచించండి. నెబోష్ విషయానికొస్తే, అది బ్రిటన్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్, గల్ఫ్ కంపెనీలు దానికి విలువిస్తాయి. ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్‌లో ఒక భాగం ఓపెన్ బుక్ పరీక్ష. ఒక ఘటన ఇచ్చి ప్రశ్నలడుగుతారు, మన సొంత ఇంగ్లిష్‌లో రాయాలి. రెండో భాగంలో ఒక పనిస్థలానికి రిస్క్ అసెస్‌మెంట్, అంటే అక్కడ ఏ ముప్పులున్నాయో లెక్కవేయడం, చేయాలి. సైటే చూడని కుర్రాడు ఏం రాస్తాడు? ఎక్కడో చూసి దించుతాడు. దొరికితే ఫలితం రద్దవుతుంది, డబ్బూ పోతుంది. రెండేళ్ల అనుభవంతో కూర్చుంటే అదే పరీక్ష తేలిక.

ఇక గల్ఫ్ గ్యారంటీ. కోర్సు చెప్పేవాళ్లకు విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే లైసెన్స్ ఉందా అడగండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉండాలి. సర్వీస్ ఛార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. పోర్టల్‌లో ఆ పేరు కనిపించకపోతే అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే రసీదు పట్టుకుని ఈ వారంలోనే వెళ్లి వెనక్కి అడగండి.